తెగిపోయిన తోవలు

హైదరాబాద్ చౌరస్తాలో పుట్టిన ఊరు. 1591లో చార్మినార్ లేచింది రెండు పెద్ద బాటలు కలిసే చోట. అందులో ఒకటి గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకుల బాట. నగరం కంటే పదమూడేళ్ల ముందే, 1578లో, మూసీ మీద పురానాపూల్ కట్టారు. ముందు తోవ, ఆ తర్వాతే ఇల్లు. మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఊరికి రూపం ఇచ్చింది ఆ వరసలోనే. 1908 వరద ఊరిని ముంచెత్తాక 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి బోర్డు కూడా ఇరుకు బస్తీల్లోంచి వీధులు తీసింది. అంత కష్టంలోనూ ఆ పెద్దలు దారులే తెరిచారు.

ఆ వరస మన కళ్లముందే తప్పింది. 1990ల చివర ఊరు పడమటికి పాకింది. మాదాపూర్, కొండాపూర్, మణికొండ, నార్సింగి. పొలాలు సర్వే నంబర్ల వారీగా అమ్ముడయ్యాయి. ఎవరి లేఅవుట్ వారిది. ముప్పై అడుగుల రోడ్డు దర్జాగా మొదలై, పక్కవాడి హద్దు దగ్గర ప్రహరీకి గుద్దుకుని ఆగిపోయింది. ఊరికీ ఊరికీ నడుమ తరాలుగా నడిచిన బండ్ల బాటలు ఎన్నో ఆ గోడల కింద సమాధి అయ్యాయి. వాటి కోసం ఎవరూ ఏడవలేదు. తర్వాత గేటెడ్ కమ్యూనిటీలొచ్చి మిగిలిన దారులకూ తాళం వేశాయి. గోడ అవతల బడి గంట వినపడుతూనే ఉంటుంది, పిల్లవాడు మాత్రం మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తిరిగి, బస్సులో ఆ బడికి చేరాలి. కాలినడకన పోయే ముసలమ్మకైతే ఆ చుట్టు తిరుగుడు శిక్షే.

ఇది ఒక్క మన ఊరి గోడు కాదు. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు ప్రపంచ వీధుల పటాలు పరిశీలించి, 1975 నుంచి చాలా దేశాల్లో కొత్త వీధుల మధ్య కలయిక తగ్గుతూ వచ్చిందని 2020లో తేల్చారు. వీధులు కలవని చోట బండి లేనిదే బతుకు సాగదు.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కట్టుకున్న నగరం, ఇప్పుడు కాలనీకీ కాలనీకీ నడుమ లింకు రోడ్ల కోసం ఇళ్లు, స్థలాలు సేకరిస్తోంది. ఇల్లు కూల్చి మళ్లీ కట్టొచ్చు. ఒకసారి మూసిన తోవ తెరవాలంటే వందమంది హక్కులు అడ్డొస్తాయి.

షాద్‌నగర్‌లోనో సంగారెడ్డిలోనో ప్లాటు కొంటున్నవారు లేఅవుట్ పటంలో రోడ్డు ఎక్కడ ఆగుతుందో ఒక్కసారి చూడండి. అది పక్క లేఅవుట్‌లో కలవకపోతే, కలపమని అడగండి. అనుమతి ఇచ్చే అధికారులారా, సంతకానికి ముందు మీరూ అడగండి.