'టచ్‌డ్ బై యాన్ ఏంజెల్': దూతల కథలో క్రిస్మస్

అమెరికాలో సి.బి.ఎస్. ఛానల్ 1994 నుండి 2003 వరకు ప్రసారం చేసిన ధారావాహిక ఇది. నిర్మాత మార్తా విలియమ్సన్. మోనికా (రోమా డౌనీ), టెస్ (డెల్లా రీస్), మరణదూత ఆండ్రూ (జాన్ డై) మనుష్యరూపంలో వచ్చి నలిగిన హృదయాలకు తోడుంటారు. డెల్లా రీస్ నిజజీవితంలోనూ బోధకురాలిగా ఉండేవారు!

ఈ దూతలు కష్టాన్ని మాయం చేయరు. చివర మోనికా వెలుగులో నిలిచి, తాను దేవదూతనని, దేవుడు వారిని ప్రేమిస్తున్నాడని చెబుతుంది. తీర్మానం ఆ మనిషిదే. క్రిస్మస్ కథలూ ఇలాగే సాగుతాయి.

పిల్లలతో కలిసి చూడదగినదే. అయితే దేవుని ప్రేమ వినిపించినంతగా ఇందులో యేసు నామం వినిపించదు. బేత్లెహేము పొలంలో దూత గొల్లలకు తెలిపిన వార్త రక్షకుడు పుట్టాడనే కదా. చూశాక, ఇంట్లో లూకా 2వ అధ్యాయం చదివించండి.