నిలువురాళ్ల క్రింద ఇనుము

భిలాయి, ఉతై ప్రాంతాలలో ఇనుము చరిత్ర 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభంతో మొదలైందనిపించవచ్చు. కాని దక్షిణాన బాలోద్ జిల్లా కర్కాభాట్‌లోని నిలువురాళ్లు రెండువేల ఏళ్లకు పైబడిన గాథను చెబుతున్నాయి. ఇవి బృహచ్ఛిలాయుగపు సమాధులు; తెలుగునాట పల్లీయులు రాక్షసగుళ్లనేవి ఈ కోవలోనివే. ధనోరా సమాధులను 1956-57లోనే ఎం.జి. దీక్షిత్ త్రవ్వించారు. కర్కాభాట్ త్రవ్వకాలలో ఇనుప బాణపు ములుకులు లభించాయి. మృతుని చెంత ఇనుము నుంచడం ఆ లోహానికి నాటివారిచ్చిన విలువకు నిదర్శనం. భిలాయి కొలిమికి ముడిఖనిజమందించిన దల్లీ రాజహరా గనులూ ఆ జిల్లాలోనివే. భిలాయి చెంతనున్న దేవబలోదా శివాలయానికి భక్తులున్నారు. ఈ సమాధులకు వారసులు లేరు. ఒక రాయి కదిలినా, దాని క్రింది మనిషి చరిత్ర చెదిరిపోతుంది. వాటిని కాపాడవలసిన వారసత్వం ఉక్కునగరానిదే.