3.4 పసిబిడ్డ తల ఆకృతి: ఒక అలవాటు చరిత్ర

పసిబిడ్డను పడుకోబెట్టే తీరుకూ ఒక చరిత్ర ఉంది. తల గుండ్రంగా రావాలని స్నానం చేయించేటప్పుడు చేతులతో ఒత్తడం, ఆవాల దిండు పెట్టడం మన ఇళ్లలో మీరు చూసే ఉంటారు.

20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో శిశువులను బోర్లా పడుకోబెట్టే పద్ధతి వ్యాపించింది. ఇలా నిద్రించే శిశువుల్లో ఆకస్మిక మరణాలు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అందుచేత వెల్లకిలా పడుకోబెట్టాలని 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో ప్రచారం మొదలైంది. అమెరికాలో ఒక దశాబ్దంలోనే ఈ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. అయితే తల వెనుక భాగం చదునైన శిశువులు ఎక్కువగా కనిపించసాగారు. తొలి నెలల్లో పుర్రె ఎముకలు మెత్తగా ఉంటాయి. ఎప్పుడూ ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడ చదునవుతుంది.

అయినా వైద్యులు వెల్లకిలా నిద్రను మాన్పించలేదు. ప్రాణరక్షణే ముఖ్యం కనుక ఇతర మార్గాలు సూచించారు:

1. బిడ్డ మేలుకొని ఉన్నప్పుడు, పెద్దల సమక్షంలో, కొద్దిసేపు బోర్లా ఉంచాలి.
2. నిద్రలో తల ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు ఉండేలా చూడాలి.
3. తరచుగా ఎత్తుకోవాలి. మన పెద్దల ఈ అలవాటు ఇందుకు ఉపకరిస్తుంది.

దిండు ముఖానికి అడ్డుపడితే ఊపిరాడదు. కాబట్టి ఆవాల దిండు వద్దు. తలను ఒత్తడమూ అనవసరం. బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టాక చదును చాలావరకు సర్దుకుంటుంది. మెడ ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంటే వైద్యునికి చూపించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెల్లకిలా నిద్ర వల్ల కలిగిన మేలు, ఎదురైన సమస్య ఏమిటి?
2. నవాబుపేటలో గాని, మీ ఊరిలో గాని వృద్ధ మహిళలను అడిగి, శిశుపోషణ అలవాట్లలో వచ్చిన మార్పులను రాయండి.