ఆన్‌లైన్‌లో సైకాలజీ తొలి కోర్సు

సైకాలజీ (మనోవిజ్ఞాన శాస్త్రం) చదవడం మొదలుపెట్టే కాలేజీ విద్యార్థికి చెప్పే మొట్టమొదటి కోర్సును తరగతి గదిలో కాకుండా ఇంటర్నెట్ ద్వారా చదవడం. అమెరికాలో ఈ కోర్సును వాడుకలో సైక్ 101 అంటారు. సాధారణంగా ఒక సెమిస్టరు, 3 క్రెడిట్లు. సైకాలజీ డిగ్రీ చేయబోయేవారే కాదు, నర్సింగ్ వైపు వెళ్లేవారు, బిజినెస్ చదివేవారు కూడా తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఇది రెండు రకాలు. ఒకటి, ఫీజు కట్టి, కాలేజీ లెక్కలో క్రెడిట్లు వచ్చేలా చదివేది. రెండోది, ఎవరైనా ఉచితంగా చూసుకోగలిగేది. పేరు ఒకటే అయినా ఈ రెండిటినీ కలగలిపి చూడడం వల్లే చాలామంది మోసపోతుంటారు.

పాఠ్యాంశాలు

మొదటి పాఠం దాదాపు ప్రతిచోటా జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ 1879లో నెలకొల్పిన ప్రయోగశాలతో మొదలవుతుంది. తర్వాత మెదడు, ఇంద్రియ జ్ఞానం, అభ్యసనం, జ్ఞాపకశక్తి, శిశు వికాసం, వ్యక్తిత్వం, సామాజిక ప్రవర్తన, మానసిక రుగ్మతలు వస్తాయి. ఎదుటివాళ్ల మనసు చదవడం నేర్పిస్తారనుకుని చేరినవాళ్లు రెండో వారంలో న్యూరాన్లు (నాడీకణాలు), సినాప్సులు (వాటి మధ్య సంధులు) చూసి కంగు తింటారు. గణాంకాలు కూడా కొంత తప్పవు. దీన్ని సైన్సు కోర్సుగానే చూడాలి.

ఉచిత పాఠాలు

యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ బ్లూమ్ 2007లో చెప్పిన పాఠాలను అలాగే రికార్డు చేసి ఓపెన్ యేల్ కోర్సెస్‌లో పెట్టారు. ఎంఐటీ, జాన్ గాబ్రియేలీ 2011లో చెప్పిన కోర్సును తన ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉంచింది. పాఠ్యపుస్తకం కొనక్కర్లేదు. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ 2014లో ఉచిత సైకాలజీ పుస్తకాన్ని తెచ్చింది, 2020లో రెండో కూర్పు వచ్చింది. చదివేటప్పుడు రెండో కూర్పే ఎంచుకోవాలి.

పాత వీడియోలతో ఒక చిక్కుంది. బ్లూమ్ బోధన ఇప్పటికీ హాయిగా వినిపిస్తుంది కానీ ఆ తర్వాత సైకాలజీలో పెద్ద కుదుపే వచ్చింది. 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ 2015లో ఫలితాలు ప్రకటించింది. గణాంకపరంగా నిలబడే ఫలితం మళ్లీ కనిపించినవి 36 శాతమే. కిట్టీ జెనోవీస్ ఉదంతం సంగతీ అంతే. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్య జరుగుతుంటే 38 మంది చోద్యం చూస్తూ ఊరుకున్నారని తరాల తరబడి పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఆ కథనానికి ఆధారాలు లేవని 2007లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు తేల్చారు. కాబట్టి పాత ఉపన్యాసాన్ని కొత్త పుస్తకం పక్కన పెట్టుకుని వినాలి.

ఇంట్లోనే ప్రయోగం

ల్యాబ్ లేదు కదా అనే అభ్యంతరం ఈ కోర్సుకు పూర్తిగా వర్తించదు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగానికి ఫోను తెర చాలు. నీలి రంగు అక్షరాల్లో ‘ఎరుపు’ అని కనిపిస్తుంది. చదవకూడదు, రంగు పేరు చెప్పాలి. నోరు ‘ఎరుపు’ అనబోయి తడబడుతుంది, ‘నీలం’ అనడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది. చదవడం మనకు అంతగా అలవాటైపోయింది. తెలుగు లిపి రానివారిని కూర్చోబెడితే ఈ తడబాటే ఉండదు.

జ్ఞాపకశక్తి అధ్యాయానికి సెల్ నంబరు సరిపోతుంది. పది అంకెలు విడివిడిగా వింటే చివరికొచ్చేసరికి మొదటివి జారిపోతాయి. అదే ‘తొంభై ఎనిమిది, నలభై ఎనిమిది’ అని జంటలుగా చెబితే ఐదు ముక్కలే గుర్తుంచుకోవాలి. తక్షణ స్మృతిలో పట్టేవి ఏడుకు రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఆ సంఖ్య నాలుగు దగ్గరే ఉంటుందని నెల్సన్ కోవాన్ 2001లో వాదించాడు.

చూడటం, చేయడం

ఆన్‌లైన్ చదువు ఎంతవరకు తలకెక్కుతుందన్నది ఈ కోర్సు మీదే పరీక్షించారు. 2013లో జార్జియా టెక్ విశ్వవిద్యాలయం కోర్సెరా అనే ఆన్‌లైన్ వేదికలో సైకాలజీ ప్రాథమిక కోర్సు నడిపింది. అందులో వీడియోలతో పాటు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన అభ్యాసాలూ ఉన్నాయి. పరిశోధకుడు కెన్ కోడింగర్ బృందం ఆ సమాచారాన్ని పరిశీలించి 2015లో వెల్లడించింది. అభ్యాసాలు చేయడం వల్ల కనిపించిన ఫలితం వీడియోలు చూడడం వల్ల, పాఠం చదవడం వల్ల కనిపించినదానికి ఆరు రెట్ల పైమాటే. అన్నం తింటూ 1.5 రెట్ల వేగంతో ఉపన్యాసం విని ‘అయిపోయింది’ అని టిక్కు పెట్టేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించవలసిన సంఖ్య ఇది.

రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఇంకో సంగతి చెబుతుంది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే నయం. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లది పైచేయి. క్విజ్‌ను మార్కుల కోసం పెట్టిన బెడదగా చూసేవారు ఈ రెండో ఫలితాన్ని మరవకూడదు.

అయినా మధ్యలో మానేసేవారే ఎక్కువ. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్ అనే వేదికలో నడిపిన కోర్సులన్నీ కలిపి చూస్తే 2017-18లో పూర్తి చేసినవారు సుమారు 3 శాతం. ఫీజు కట్టినవారిలో ఈ శాతం చాలా ఎక్కువ.

భారతదేశంలో

ఇక్కడి ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం, 2017లో ప్రారంభమైంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు బదిలీ చేయించుకోవచ్చు. విద్యార్థి కాలేజీ ఒప్పుకోవాలి, అది ముందే కనుక్కోవాలి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఎల్ కోర్సులు ఈ వేదికలోవే. చేరడానికి, పాఠాలు చూడడానికి డబ్బు కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి స్వయంగా వెళ్లి పరీక్ష రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, ఆ పరీక్షకు 75.

కోర్సు వేరు, డిగ్రీ వేరు. 2025 ఆగస్టులో యూజీసీ, 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే చదువులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపరాదని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఆ చదువుల్లో సైకాలజీ కూడా ఉంది. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది వర్తిస్తుందని చెప్పింది. ఆన్‌లైన్ సైకాలజీ డిగ్రీ అంటూ ఎవరైనా ప్రకటన ఇస్తే, డబ్బు కట్టేముందు యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలి, తొలి కోర్సు సర్టిఫికెట్ ఎంత ఘనమైన విశ్వవిద్యాలయానిదైనా అందుకు పనికిరాదు.