అగ్నిమాపక సిబ్బంది వెంట చెక్క చీల: చిన్న పనిముట్లు ఎక్కడ, ఎందుకు?

మంటలు చెలరేగిన భవనంలోకి ప్రవేశించే అగ్నిమాపక సిబ్బంది వీపున శ్వాస పరికరం, చేతిలో నీటి గొట్టం అందరికీ కనిపిస్తాయి. హెల్మెట్ చుట్టూ రబ్బరు పట్టీలో దోపిన రెండు మూడు చెక్క చీలలు అంతగా దృష్టికి రావు. అయితే లోపలికి వెళ్లినవారు క్షేమంగా బయటకు రావడంలో వీటి పాత్ర తక్కువది కాదు. ఇటువంటి చిన్న పనిముట్లలో వేటిని వెంట ఉంచుకోవాలి, ఒంటిపై ఎక్కడ అమర్చుకోవాలి అన్నది అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో అనుభవంతో, కొన్నిసార్లు ప్రాణనష్టంతో రూపుదిద్దుకున్న పద్ధతి.

చీల చేసే పని

తలుపు గాలికి కొట్టుకోకుండా ఇళ్లలో కింద దోపే చెక్క ముక్క వంటిదే ఈ చీల. ఒక కొన మందంగా, మరో కొన పలచగా ఉంటుంది. బహుళ అంతస్తుల భవనాల్లో, హోటళ్లలో చాలా తలుపులు తమంతట తామే మూసుకుంటాయి. నీటి గొట్టంపై తలుపు మూసుకుంటే గొట్టం నలిగి నీటి ప్రవాహం తగ్గుతుంది, ముందుకు లాగడం కష్టమవుతుంది. గడియ పడితే వెనుదిరిగే దారే మూసుకుపోతుంది. కళ్లు కనిపించని పొగలో సిబ్బంది గొట్టాన్ని తడుముకుంటూ బయటకు వస్తారు కాబట్టి, ఆ మార్గంలోని ప్రతి తలుపూ తెరిచి ఉండడం అవసరం.

చీలను తలుపు కింద దోపడం తేలికే గాని, నున్నని నేలపై అది జారిపోతుంది, గొట్టం తగిలి ఊడిపోతుంది. అందుకే తలుపుకూ ద్వారబంధానికీ నడుమ, మడతబందుల వైపు ఏర్పడే సందులో దోపడం మేలని శిక్షణలో చెబుతారు. కొందరు చీలకు ఒక మేకు దిగ్గొట్టి, దానిని మడతబందుపై తగిలిస్తారు. తాళం వేసిన తలుపును ఇనుప పనిముట్టుతో పెకలించేటప్పుడు, ఏర్పడిన సందు మళ్లీ మూసుకోకుండా నిలపడానికీ చీల పనికివస్తుంది. మంటలు ఆరిన తరువాత కూడా పైకప్పులోని స్ప్రింక్లర్ నుంచి నీరు ధారగా పడుతుంటే, రెండు చీలలను ఎదురెదురుగా బిగించి దానిని ఆపుతారు.

హెల్మెట్టా, జేబా?

లారీ చక్రపు ట్యూబును పట్టీగా కోసి హెల్మెట్‌కు తొడిగి, అందులో చీలలు దోపడం అమెరికాలో పాత అలవాటు. చీల ఎక్కడుందో వెతకనక్కరలేదు, చేయి పైకెత్తితే అందుతుంది. అయితే తలపై బరువు పెరిగితే మెడపై భారం పడుతుంది. వేలాడే తీగలకు చీలలు తగులుకునే ప్రమాదమూ ఉంది. ఈ కారణంగా కొన్ని విభాగాలు హెల్మెట్‌కు అదనపు వస్తువులు తగిలించడానికి అనుమతించవు.

రెండో మార్గం జేబులు. శ్వాస పరికరం నడుము పట్టీ బిగించిన తరువాత కోటు జేబుల్లోకి చేయి దూర్చడం కష్టం. అందువల్ల తరచుగా వాడేవాటిని ప్యాంటు తొడ జేబుల్లో ఉంచుకునేవారు ఎక్కువ. ఏ వస్తువు ఏ జేబులో ఉండాలో ఒకసారి నిర్ణయించుకుంటే, దానిని మార్చకపోవడం ముఖ్యం. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, కళ్లు మూసుకుని ప్రతి పనిముట్టునూ తీసి వాడగలగాలి.

ప్రాణాలు నేర్పిన పాఠాలు

2005 జనవరి 23న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక నివాస భవనానికి నిప్పంటుకుంది. అనుమతి లేకుండా కట్టిన అడ్డుగోడల వల్ల బయటపడే దారి మూసుకుపోయి, ఆరుగురు సిబ్బంది నాలుగో అంతస్తు నుంచి దూకవలసి వచ్చింది. ఇద్దరు మరణించారు, నలుగురు తీవ్రంగా గాయపడ్డారు. వ్యక్తిగత రక్షణ తాళ్లను అంతకుముందే ఉపసంహరించడంతో, సొంతంగా సమకూర్చుకున్న తాడు ఒకరి వద్దే ఉంది. ఈ ఘటన తరువాత ఆ నగర అగ్నిమాపక విభాగం సిబ్బందికి తాడు, కొక్కెంతో కూడిన రక్షణ సామగ్రిని తిరిగి అందించింది.

బ్రిటన్‌లో ముప్పు తీగల రూపంలో వచ్చింది. 2005 ఫిబ్రవరి 2న స్టీవనేజ్‌లోని హారో కోర్ట్‌లో, 2010 ఏప్రిల్ 6న సౌతాంప్టన్‌లోని షర్లీ టవర్స్‌లో జరిగిన అగ్నిప్రమాదాల్లో ఇద్దరేసి సిబ్బంది మరణించారు. వేడికి ప్లాస్టిక్ కేసింగ్ కరిగి, ఊడి వేలాడిన విద్యుత్ తీగలు ఈ రెండు చోట్లా సిబ్బందికి ఉచ్చుగా మారాయి. తీగలు కత్తిరించే పనిముట్టు చేతికందేలా ఉండవలసిన అవసరాన్ని ఈ విషాదాలు చాటిచెప్పాయి. వేడికి తీగలు ఊడిపడకుండా బిగించాలన్న నిబంధనను ఆ దేశ విద్యుత్ ప్రమాణాల్లో తొలుత బయటపడే మార్గాలకు, 2018లో భవనమంతటికీ వర్తింపజేశారు.

అలాగని కనిపించిన ప్రతి పనిముట్టునూ జేబులో వేసుకోవడం సరికాదు. రక్షణ దుస్తులు, శ్వాస పరికరం కలిపితేనే బరువు 20 కిలోలు దాటుతుంది. ఆపై చేరే ప్రతి వస్తువూ అలసటను పెంచి, సిలిండర్‌లోని గాలిని త్వరగా ఖర్చు చేయిస్తుంది. చీలలు, తీగలు కత్తిరించే కత్తెర, టార్చి లైటు, కొద్దిపాటి తాడు లేదా నేత పట్టీ చాలామంది ఎంపికలో ఉండేవి.

మూసిన తలుపూ రక్షణే

తెరిచిన తలుపు మంటకు గాలిని అందిస్తుంది, పొగను మెట్ల దారిలోకి వదులుతుంది. కనుక ఏ తలుపుకు చీల వేయాలో, దేనిని గొట్టం పట్టేంత సందు మాత్రమే ఉంచి దగ్గరకు వేయాలో సిబ్బంది అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి.

నివాసులకు మాత్రం ఈ విషయంలో ఎటువంటి మినహాయింపూ లేదు. మంటను, పొగను కొంతసేపు నిలువరించే అగ్నినిరోధక తలుపులు వాటంతట అవే మూసుకునేలా ఉండాలని 2016 నాటి భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి నిర్దేశిస్తోంది. రాకపోకల సౌలభ్యం కోసం ఆసుపత్రుల్లో, అపార్ట్‌మెంట్లలో ఈ తలుపులకు ఇటుకో, చెక్కో అడ్డుపెడితే, ప్రమాద సమయంలో పొగకు మెట్ల దారి తెరిచినట్లే. సిబ్బంది చేతిలో ప్రాణాలు కాపాడే చీల అక్కడ ప్రాణాల మీదకు తెస్తుంది.