వయోజనుల నాట్యాభ్యాసం: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

నాట్యం పసితనంలోనే నేర్వాలన్నది స్థిరపడిన అభిప్రాయం. అయితే 20వ శతాబ్దంలో భారతీయ నాట్య చరిత్రను మలుపు తిప్పిన ఒక మహిళ శాస్త్రీయ నృత్యాభ్యాసం మొదలుపెట్టింది ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో. అదీ బ్యాలేతో. ఆమె కథను కోనసీమ కళావంతుల చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది: వయసు వచ్చాక నేర్చుకునే స్వేచ్ఛ ఎవరికి దక్కింది? బాల్యం నుంచీ నేర్చినవారు ఏమయ్యారు?

గమనిక: మన సభల్లో నృత్యరూపకాన్ని కూడా బ్యాలే అంటుంటారు. ఈ పాఠంలో ఆ మాటకు ఐరోపా సంప్రదాయ నృత్యమనే అర్థం.

2. బ్యాలే శిక్షణ

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1661లో పారిస్‌లో రాజ నృత్య అకాడమీని స్థాపించాడు. రష్యాలో 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నృత్య పాఠశాల ఏర్పడింది. తుంటి కీలు నుంచి కాళ్లను బయటికి తిప్పి నిలవడం, మునివేళ్లపై నర్తించడం ఈ విద్యకు ముఖ్యాంశాలు. లేత శరీరం వీటికి సులువుగా అలవాటు పడుతుంది కనుక పిల్లలను చిన్నప్పుడే చేర్చుకునేవారు. అన్నా పావ్లోవా (1881–1931) పదేళ్ల వయసులో ఆ రష్యన్ పాఠశాలలో చేరింది.

3. రుక్మిణీదేవి అరండేల్

1904లో మదురైలో జన్మించిన రుక్మిణీదేవికి 1928లో పావ్లోవాతో స్నేహం కుదిరింది. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డీ ఆమెకు బ్యాలే పాఠాలు చెప్పింది. సొంత దేశపు నాట్యాన్ని కూడా తెలుసుకోమని పావ్లోవా ఆమెను ప్రోత్సహించింది. తరువాత రుక్మిణీదేవి మైలాపూర్ గౌరీ అమ్మాళ్ వద్ద, పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై వద్ద సదిర్ నేర్చుకున్నారు. 1935లో అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజ వజ్రోత్సవంలో ప్రదర్శన ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 31. మరుసటి ఏడాది కళాక్షేత్రను స్థాపించారు. దేవదాసీల కళగా పేరుబడిన సదిర్ భరతనాట్యంగా అగ్రవర్ణ కుటుంబాల్లోకి ప్రవేశించడంలో ఆమె పాత్ర పెద్దది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆమెకు గురువైన గౌరీ అమ్మాళ్ దేవదాసీ పరంపరకు చెందినవారు. శిష్యురాలికి గౌరవం తెచ్చిన విద్యే గురువు కులానికి నిందగా మిగిలింది.

4. గోదావరి తీరంలో కళావంతులు

మామిడికుదురు నుంచి అమలాపురం మీదుగా వెళితే ముమ్మిడివరం వస్తుంది. అన్నాబత్తుల బులి వేంకటరత్నం వంటి కళాకారిణుల వల్ల కళావంతుల నాట్య చరిత్రలో ఆ ఊరికి చోటు దక్కింది. కళావంతుల ఇళ్లలో ఆడపిల్లలు చిన్నతనంలోనే ఆట, పాట, అభినయం నేర్చేవారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం వారి సంపద. గుళ్లలో, జమీందారుల కొలువుల్లో, పెళ్లి మేళాల్లో ప్రదర్శించేవారు.

కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు భోగం మేళాలను వ్యతిరేకించారు. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీల అంకిత నిషేధ చట్టాన్ని చేసింది. బాలికల భవిష్యత్తును వారి ఇష్టంతో పనిలేకుండా నిర్ణయించే ఆచారాన్ని అడ్డుకోవడం న్యాయమే. అయితే ఆ విద్యతో గౌరవంగా బతికే దారిని చట్టం చూపలేదు. చాలామంది గజ్జెలు విప్పేశారు; విద్య ఇంటి నాలుగు గోడల మధ్య నిలిచిపోయింది.

తరువాతి కాలంలో నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ కళాకారిణులను వెతికి వేదికపైకి తెచ్చారు. కూచిపూడి, భరతనాట్యాల్లో అప్పటికే పేరు పొందిన స్వప్నసుందరి కళావంతుల పెద్దల వద్ద మళ్లీ విద్యార్థినిగా కూర్చున్నారు. ఆ నాట్యానికి విలాసినీ నాట్యమని ఆరుద్ర పేరు పెట్టారు.

5. సారాంశం

వయసు మీరాక నేర్వడం అసాధ్యం కాదని ఈ ఉదాహరణలు చెబుతాయి. అయితే పట్టుదల ఒక్కటే చాలలేదు. తీరిక, ఆర్థిక బలం, సమాజ ఆమోదం కూడా తోడయ్యాయి. అవేవీ లేని కళావంతులే ఆ విద్యను కొత్తవారికి అందించారు. కనుక నాట్య పునరుద్ధరణ చరిత్ర రాసేటప్పుడు నేర్చుకున్నవారి పేర్ల పక్కన నేర్పినవారి పేర్లూ ఉండాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రుక్మిణీదేవి నాట్యాభ్యాసంలో పావ్లోవా పాత్రను వివరించండి.
2. 1947 చట్టం వల్ల కలిగిన మేలును, కళావంతుల నాట్యంపై దాని ప్రభావాన్ని విశ్లేషించండి.
3. మీ ఊరి గుడి సేవలతో ముడిపడిన కళారూపాల గురించి పెద్దలను అడిగి ఒక పుట రాయండి.