తీరాంధ్ర మత్స్య నిర్వహణ: దిగుబడి నుంచి నియంత్రణకు

రాయదుర్గం వంటి వర్షాభావ ప్రాంతంలో చెరువు నీటిమట్టం కంటికి కనిపిస్తుంది; సముద్రంలోని మత్స్యసంపద కనిపించదు. తీరాంధ్ర మత్స్య నిర్వహణ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ భేదం కీలకం. 1905లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌కు మత్స్య పరిశోధన బాధ్యత అప్పగించిన నాడు దిగుబడి, నిల్వ పద్ధతులే ప్రధానాంశాలు. 1947లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏర్పడిన తరువాత, రేవులకు చేరిన చేపల నమూనా లెక్కలు సముద్రంలోని నిల్వను అంచనా వేయడానికి ఆధారమయ్యాయి. మరపడవల వ్యాప్తితో తీరజలాలపై ఒత్తిడి పెరిగింది. 1994లో రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం వచ్చింది. నేడు తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర, మోటారు పడవల వేట నిషిద్ధం. చేప గుడ్లు పెట్టే ఆ కాలమే మత్స్యకార కుటుంబానికి ఆదాయం లేని కాలం. కనుక వేట నిషేధ భృతిని సంక్షేమ పద్దుగా కాక, మత్స్య నిర్వహణలో అంతర్భాగంగా పరిగణించడం సమంజసం.